గడ్డిమెట్ట మీద ఆరు రోజులు

మా ఆయన పోయిన కబురు వచ్చేసరికి నేను నూతి దగ్గర నీళ్లు తోడుతున్నాను. ఆయన గుణుపురం పక్కన ఒక పల్లెలో బడిపంతులు. జ్వరం పది రోజులైనా దిగకపోతే బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడో రోజు మా మరిది ఒక్కడే తిరిగొచ్చాడు. అప్పటికి చేద సగం పైకొచ్చి ఉంది. అతను చెప్పింది విన్నాను. చేద లాగి బిందెలో పోశాను. బిందె నిండలేదని ఇంకో రెండు చేదలు తోడాను. బిందె చంకనెత్తుకుని ఇంట్లోకి తెచ్చి, కుదురు మీద సరిగ్గా పెట్టాను. అప్పుడు మా అత్త నన్ను పట్టుకుని గొల్లున ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆవిడ చెయ్యి నా భుజం మీద బరువుగా ఉందని మాత్రం తెలిసింది.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. పిల్లలు లేరు. కర్మకాండలయ్యాక మా అన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్లాడు. వంశధార ఒడ్డున వరి పండించే ఇల్లు మాది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ పాతుకున్నవాళ్లం. మూడు నెలలు ఆ ఇంట్లో ఊడ్చాను, తుడిచాను, ధాన్యం చెరిగాను. ఎవరైనా పిలిస్తే పలికేదాన్ని. లేకపోతే లేదు.

"ఇంట్లో కూకుంటే పిచ్చెక్కిపోతాదమ్మి. సదువుకున్నావు కదా, ఏదైనా ఉద్యోగం సేసుకో" అన్నాడు మా అన్న.

"సరే" అన్నాను. వద్దనడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి కదా.

ఆ రోజుల్లో బ్లాకు ఆఫీసులు కొత్తగా పెడుతున్నారు. ఊరూరా తిరిగి ఆడవాళ్లకి నీళ్లు కాచుకోమని, పెరట్లో కూరపాదులు వేసుకోమని, పసిపిల్లల సంగతి ఎలా చూసుకోవాలో చెప్పడానికి గ్రామసేవికలు కావాలన్నారు. ఏడాది ట్రైనింగు చేశాక నన్ను బిస్సమ్ కటక్ వేశారు. చుట్టూ కొండలు, మధ్యలో ఊరు, వారానికో సంత. ఆఫీసు వెనక ఒక గది ఇచ్చారు. నా సంగతి తెలిసినవాళ్లు గట్టి పిల్ల అనేవారు. అది గట్టితనం కాదని నాకు తెలుసు. ఎక్కువసేపు కాలు ముడుచుకు కూర్చుంటే తిమ్మిరెక్కి, ఆ కాలు మనది కానట్టుంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉండేది. నడిచేదాన్ని, మాట్లాడేదాన్ని, రిపోర్టు రాసేదాన్ని. అన్నీ జరిగిపోయేవి.

వచ్చిన మూడు నెలలకి, వైశాఖ మాసంలో, బ్లాకు ఆఫీసరుగారు పిలిచారు. ఆయన బల్లకి ఎదురుగా నలభై ఏళ్లావిడ కూర్చుని ఉంది. నేత చీర, కాళ్లకి మగవాళ్లు ఆటలకి తొడుక్కునే తెల్ల కాన్వాసు జోళ్లు, ఒళ్లో గొడుగు. బరంపురంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారట. పెళ్లి చేసుకోలేదని తర్వాత తెలిసింది.

"మొదటి వానలు పడ్డాక మీ కొండమీది పచ్చికలో ఏ పూలు పూస్తాయో జాబితా రాసుకోవాలి. నాకు శాస్త్రం పేర్లు తెలుసు. ఇక్కడి మనుషులు వాటిని ఏమంటారో తెలియదు. అది రాసిపెట్టడానికి నువ్వు రావాలి" అంది ఆవిడ.

"వస్తానండి" అన్నాను.

ఊరికి ఉత్తరాన, గంటన్నర ఎక్కితే, కొండ నెత్తిన చదునుగా పెద్ద పచ్చిక ఉంది. దాన్ని మేం గడ్డిమెట్ట అనేవాళ్లం. దారి చూపడానికీ పేర్లు చెప్పడానికీ ఆఫీసువాళ్లు అక్కడి కొండజాతి మనిషి, ఒక కోదు ముసలామెను కుదిర్చారు. సంతలో కొండచీపుర్లు, పసుపు కొమ్ములు అమ్మేది. మొహం మీద పచ్చబొట్టు గీతలు, ముక్కుకి మూడు రింగులు, కొప్పులో ఎప్పుడూ ఏదో ఒక పువ్వు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. వాళ్లది కువి భాష. అది నాకు అప్పటికి నాలుగు ముక్కలు కూడా రాదు. కాని ఆమెకి కోమట్ల కొట్ల దగ్గర పట్టుబడ్డ సంత తెలుగు బాగానే వచ్చు. నేను ఆమెను మామ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను అమ్మి అనేది. మేడమ్ గారిని ఏమనాలో తెలియక "తెల్ల జోళ్లామె" అని పేరు పెట్టేసింది.

మొదటి రోజు తెల్లవారగానే బయలుదేరాం. ముందు మామ్మ, వెనక మేడమ్ గారు, ఆఖర్ని నోటుపుస్తకం, పాత పేపర్ల కట్ట, రెండు చెక్కపలకలు పట్టుకుని నేను. అప్పటికి రెండు వానలు పడ్డాయి. కాలిన నల్లటి గడ్డి దుబ్బుల్లోంచి కొత్త గడ్డి జానెడు లేచింది. పైకెక్కేసరికి ఎండ పడింది గాని గాలి చల్లగానే ఉంది.

దూరం నుంచి చూస్తే అంతా ఒకటే పచ్చదనం. మేడమ్ గారు ఒక్కచోట ఆగి, గొడుగు మడిచి నేలమీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుంది. "ఇలా కూర్చుని చూడు" అంది. కూర్చున్నాను. గడ్డి మొదళ్లలో పసుపు పువ్వొకటి, నేలకి అంటుకుని ఉంది. ఆరు రేకులు. దాని పక్కన తాటి మొలక లాంటి ఆకులు.

"ఇది నేలతాడి. రేకులు లెక్కపెట్టాలి. తర్వాత ఆకు కాడకి ఎలా పుట్టిందో చూడాలి. ఎదురెదురుగానా, ఒకదాని తర్వాత ఒకటా. తుంచితే పాలు వస్తాయా, వాసన ఉందా, కింద దుంప ఉందా. ఇవన్నీ అడిగితే ఏ పువ్వైనా తనెవరో చెప్పేస్తుంది" అంది ఆవిడ.

మామ్మ గడ్డపలుగుతో ఒక్క పోటు పొడిచి దుంప పైకి తీసింది. చుట్ట చేతిలోకి తీసి వాళ్ల భాషలో పేరు చెప్పి, "నడుం నొప్పికి మంచిది" అంది. నేను ఒకటో నంబరు వేసి ఆ పేరు తెలుగు అక్షరాల్లో రాశాను. మేడమ్ గారు మొక్కని పేపరులో పరిచి, ఆకు ఒకటి తిరగేసి, పైన ఇంకో పేపరు కప్పింది.

రెండోది విష్ణుక్రాంతం, శనగగింజంత నీలం పువ్వు. దానికీ పేరుంది. మూడోది అడవి ఉల్లి, ఆకు లేకుండా నిలువెత్తు కాడ. దాన్ని తింటే దురద పుడుతుందట, దానికీ పేరుంది. ఆ తర్వాత గడ్డిచామంతి వచ్చింది. "ఇది మన దేశపుది కాదు, ఎక్కడినుంచో వచ్చింది" అంది మేడమ్ గారు.

"దీన్నేటంతారు మామ్మా?" అనడిగాను.

మామ్మ వంగి చూసింది. "పేరు లేదు" అంది.

తర్వాతిది గులాబీ రంగులో ఆవగింజల్లాంటి పూల మొక్క. "పేరు లేదు." ఆ తర్వాతిది తెల్లటి నక్షత్రం పువ్వు. "పేరు లేదు. తినం. మందుకి రాదు. ఆవులు మేయవు. దానికి పేరేటి?"

వరసగా ఏడెనిమిది అలాగే అయ్యాయి. నేను పేరు లేదు, పేరు లేదు అని రాసుకుంటూ పోయాను. మేడమ్ గారి మొహం వాడిపోయింది. "ఇంత దూరం వచ్చింది ఇందుకేనా" అంది తనలో తను అనుకున్నట్టు. దిగేటప్పుడు మామ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూసింది, తర్వాత నా చేతిలో పుస్తకం వైపు చూసింది.

మర్నాటి నుంచి పేర్లు రావడం మొదలెట్టాయి.

అడిగిందే తడవు మామ్మ చెప్పేది. కొన్నిటికి కాసేపు ఆగి, చుట్ట ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి, కొండ వైపో మా వైపో చూసి అప్పుడు చెప్పేది. కొన్ని పేర్లు పొడుగ్గా ఉండేవి. "మళ్లీ సెప్పు మామ్మా" అంటే నిదానంగా ముక్కలు చేసి చెప్పేది. మేడమ్ గారు సంతోషంతో చెయ్యి చేతిలో రుద్దుకునేది. "నిన్న మనల్ని పరీక్ష చేసిందే! ఇప్పుడు నమ్మకం కుదిరింది" అంది నాతో. నేను తలూపాను. నాకు సంతోషమూ లేదు, ఆశ్చర్యమూ లేదు. నంబరు వెయ్యడం, పేరు రాయడం, రంగు రాయడం. తెలుపు. పసుపు. ఊదా. ఊదా అని రాసేటప్పుడు ఊదా కనబడేది, అంతే.

ఆ రోజే పెద్ద గాలి వచ్చి మేడమ్ గారి గొడుగు ఎగిరి గడ్డిమీద దొర్లుకుంటూ పోయింది. ఆవిడ దాని వెనక పరిగెత్తి, చిత్తడిలో జారి కూలబడింది. తెల్ల జోళ్లు, చీర, మోచేతులు అన్నీ ఎర్రమట్టి. మామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మేడమ్ గారు కూడా లేవకుండానే నవ్వింది. నేను వెళ్లి గొడుగు తెచ్చి మడిచాను.

మూడో రోజు ఒక పల్లంలో ఆకు అన్నదే లేకుండా నేలలోంచి నేరుగా పైకొచ్చిన పూలు గుంపుగా కనిపించాయి. తెలుపు రేకులు, మధ్యలో ఊదా. అగరు లాంటి వాసన. "భూచంపకం!" అంది మేడమ్ గారు. "పొద్దున పూసి సాయంత్రానికి వాడిపోతుంది. పూలన్నీ అయిపోయాక ఆకు వస్తుంది."

ఆవిడ భూతద్దం పెట్టి చూస్తుంటే నేను పక్కన కూర్చుని రాస్తున్నాను. మామ్మ వెనక నుంచి వచ్చి, ఒక పువ్వు కోసి నా జడలో గుచ్చేసింది. నేను పెన్ను కింద పెట్టి పువ్వు తీసేశాను.

"ఏటమ్మి, సిన్నదానివి, పెట్టుకో" అంది.

"మాలో పెట్టుకోకూడదు మామ్మా. మా ఆయన పోయేరు."

"పోతే?"

"పోతే పూలు పెట్టుకోకూడదు."

"నాకు ఇద్దరు పోనారు. మొదటోడ్ని పులి పట్టుకుపోనాది. రెండోడు దగ్గు. పువ్వేటి సేసింది? పువ్వు పులినేమైనా పిలిసిందేటి?" అని మామ్మ తన కొప్పులో పువ్వు సర్దుకుంది.

మేడమ్ గారు మా మాటలు విని తలెత్తింది. మళ్లీ భూతద్దంలోకి వంగింది. నా చేతిలో ఉన్న పువ్వుని పేపరులో పరిచి నంబరు వేశాను. వృథా పోకూడదని. మా ఆయన ఉన్నప్పుడు ఏ పూలు తెచ్చేవారో గుర్తు చేసుకుందామని ప్రయత్నించాను. సాయంత్రాలు బడి నుంచి వస్తూ దోసిట్లో ఆకు చుట్టి తెచ్చేవారు. ఆకు గుర్తొచ్చింది, అరిటాకు ముక్క. లోపల ఏ పువ్వు ఉండేదో గుర్తు రాలేదు. గుర్తు రానందుకు బాధ కూడా కలగలేదు. అలా ఒక గోడ దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చినట్టయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మెట్ట అంచున చెట్టు నీడలో కూర్చున్నాం. నేను పేపర్లు మారుస్తున్నాను. చెమ్మ పేపర్లు తీసి పొడివి పెట్టకపోతే పూలు బూజు పడతాయి. మామ్మ ఉన్నట్టుండి నా ఎడమకాలు పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది.

"ఇదేటి ఇది?"

చూస్తే మడమ అంతా రక్తం, ఎండి నల్లగా అయ్యింది. లోపల తుమ్మముల్లు, వేలి కణుపంత. మామ్మ పిన్నీసు తీసి కెలికి, పళ్లతో పట్టి లాగేసింది.

"ఎక్కడ గుచ్చుకుంది?" అని మేడమ్ గారు కంగారుగా అడిగింది.

"తెలీదండి."

"ఏటి తెలీదు? కొండెక్కినప్పట్నించీ కుంటుతున్నావు. నాను ఎనక్కి తిరిగి సూస్తనే ఉన్నాను" అంది మామ్మ. ఏదో ఆకు నలిపి పసరు పిండి, పైన గుడ్డ కట్టింది. పసరు మండాలి. మండిందేమో, నాకు చల్లగా తడిగా అనిపించింది. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది.

లేచి పది అడుగులు వేశామో లేదో మేడమ్ గారు గట్టిగా "అయ్యో!" అంది. గడ్డిలో లేత గులాబీ తెలుపు పూలగుత్తి ఒకటి, కాడ చివర కొంకిలా వంగి, పూలన్నీ తలకిందులుగా నేలచూపు చూస్తున్నాయి. ఇలాంటిది ఇక్కడ దొరుకుతుందని ఆవిడ అనుకోలేదట. "ఆర్కిడ్ జాతి. నేలమీద పెరిగేది. దీని పేరు అడుగు, అడుగు!"

అడిగాను. మామ్మ ఆ పువ్వుని చూసింది, నన్ను చూసింది, పొడుగైన పేరొకటి చెప్పింది. రాసుకున్నాను.

అయిదో రోజు సంత. పొద్దున మెట్ట ఎక్కి త్వరగా దిగిపోయాం. "పేర్లన్నీ ఇంకెవరికైనా చదివి వినిపించు. నువ్వు రాసిన ఉచ్చారణ సరిగ్గా ఉందో లేదో తేలుతుంది" అని మేడమ్ గారు నన్ను పంపింది. మామ్మ ఆ రోజు సంతకి రాలేదు, కొండ దిగగానే ఇంటికి పోయింది.

కోదు ఆడవాళ్లు చింతపండు, మామిడికాయలు, చీపుర్లు పెట్టుకుని ఒక వరసలో కూర్చునేవారు. వాళ్లలో ఒడియా, తెలుగు రెండూ వచ్చిన పడుచు ఒకామె నాకు తెలుసు. ఆమె బిడ్డకి ఒంట్లో బాగోలేనప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ఆమె పక్కన కూర్చుని పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను.

నేలతాడి పేరు చదివితే అందరూ తలలూపారు. విష్ణుక్రాంతానికీ ఊపారు. మరి నాలుగైదు చదివాక ఒకామె మొహం చిట్లించింది. ఆ తర్వాతిది చదివేసరికి ముగ్గురు ఫక్కున నవ్వారు. నేను తప్పు పలికానేమోనని మళ్లీ చదివాను. ఈసారి వరసంతా నవ్వింది.

"ఇది పువ్వు పేరేటి? ఎవలు సెప్పేరు నీకు?" అంది ఆ పడుచు, కళ్లు తుడుచుకుంటూ.

"కాదా?"

"దీనర్థం 'మేక కూడా ముట్టదు' అని."

తర్వాతిది చదివాను. "గొడుగు ఎగిరిపోయింది" అని చెప్పింది. ఆ తర్వాతిది "తెల్ల జోళ్లామె కూలబడింది." ఇంకొకటి "నా నడుం విరిగిపోతంది, ఇంక దిగిపోదాం." పక్క వరసల వాళ్లు కూడా లేచొచ్చి చుట్టూ మూగారు. చదువు, ఇంకా చదువు అంటున్నారు. నేను చదువుతున్నాను. ఆ వంగిన పువ్వు నంబరు వచ్చింది. దాన్ని చదివితే మాత్రం పడుచు వెంటనే నవ్వలేదు. నా కాలికి కట్టిన గుడ్డ వైపు చూసింది.

"'ముల్లు గుచ్చుకున్నా తెలీని పిల్ల' అని ఉంది" అంది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేను. లోపల్నించి దగ్గులా తన్నుకొచ్చి బయటపడింది. పక్కనున్న ముసలమ్మ నా వీపు తట్టింది, పొలమారిందనుకుని. ఏడాదిన్నరలో అదే మొదటిసారి. వెంటనే సిగ్గేసింది, ఎవరైనా తెలిసినవాళ్లు చూశారేమోనని చుట్టూ చూశాను. పుస్తకం మూసేసరికి ఆ నవ్వు పోయింది. మళ్లీ ఎప్పటిలాగే ఉన్నాను. సంత గోల వినబడుతోంది, మామిడికాయ జీడి వాసన వస్తోంది, అంతే.

దాచి ఉండొచ్చు. ఆ పేర్లు అలాగే బరంపురం వెళ్లిపోయేవి, ఎవరికీ తెలిసేది కాదు. నాకు దాచాలని గాని చెప్పాలని గాని ప్రత్యేకంగా అనిపించలేదు. మేడమ్ గారు దిగిన సర్కారు బంగళాకి నడిచి వెళ్లాను, ఆవిడ వరండాలో పేపర్లు ఆరబెడుతోంది, చెప్పేశాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. పుస్తకం తీసుకుని పేజీలు తిరగేసింది. "ఏవి నిజం? గుర్తు పెట్టు" అంది. పెట్టాను. మూడో వంతు కూడా లేవు.

"నువ్వు పక్కనే ఉన్నావు. రోజంతా ఆమె మొహం ఎదురుగా ఉన్నావు. చెప్పేటప్పుడు నవ్వుతోందో, ఆలోచించి కల్పిస్తోందో నీకు తెలియలేదా?"

"నేను చూడలేదండి."

"చూడకపోవడం ఏమిటి?"

"రాసుకుంటున్నానండి. తలెత్తి చూడలేదు."

ఆవిడ నా వైపు చూసింది. కుర్చీలో కూర్చుని జోళ్ల తాళ్లు విప్పుకుంది. "రేపొక్క రోజు ఉంది. మళ్లీ ఎక్కుదాం" అంది.

మర్నాడు పొద్దున్న మామ్మ ఎప్పటిలాగే బంగళా మెట్ల దగ్గర కూర్చుని ఉంది. మేడమ్ గారు ఎదురుగా నిలబడి అడిగింది.

"నాకు అబద్ధం పేర్లు ఎందుకు చెప్పావు?"

మామ్మకి కోపమూ రాలేదు, భయమూ వెయ్యలేదు. నా వైపు తిరిగి, "అబద్దమేటి సెప్పేను?" అంది.

"గొడుగు ఎగిరిపోయింది అన్నది పువ్వు పేరా మామ్మా?" అన్నాను.

"గొడుగు ఎగిరినప్పుడు దొరికింది కదా. అదే పేరెట్టేను. మొదటిరోజు పేరు లేదంటే తెల్ల జోళ్లామె మొగం సూసేవా, ఎండిపోయిన సొరకాయలాగుంది. నువ్వేమో లేదు, లేదు అని రాస్తన్నావు. పాపం ఇంత దూరం ఎక్కొచ్చి ఉత్త కాగితాలు పట్టుకుపోతారేటి? అడిగినారు, ఎట్టేను. బిడ్డ పుట్టినప్పుడు పేరుతో పుడతాదేటి? మనమే ఎడతాం."

నేను మేడమ్ గారికి అదంతా మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడకి తెలుగు తెలుసు. ఆవిడ పెదవులు బిగించుకుని నిలబడింది. కోపం అణచుకుంటోందో నవ్వు అణచుకుంటోందో తెలియలేదు. చివరికి, "మామ్మా, పేరు లేకపోతే లేదని చెప్పు. నా మొహం ఎలా ఉన్నా సరే" అంది.

"అలగే" అని మామ్మ చుట్ట ముట్టించుకుంది.

ఆ ఆరో రోజు మెట్ట మీద మొదటి నుంచీ మళ్లీ తిరిగాం. నేను ప్రతి పువ్వు దగ్గరా మామ్మ మొహం చూస్తూ అడిగాను. పేరున్నవాటికి వెంటనే చెప్పి, ఎందుకు పనికొస్తుందో కూడా చెప్పేది. లేనివాటికి చెయ్యి అడ్డంగా ఊపేది. ఊపేటప్పుడు ఆమె కళ్ల పక్క పచ్చబొట్టు గీతలు ముడతలు పడేవి. అయిదు రోజులు ఆమెతో తిరిగి ఆ గీతలు ఎన్నో నేను చూడలేదు. ఒక్కో చెంప మీద మూడు.

భూచంపకాలు చాలామటుకు అయిపోయాయి. వాడిన రేకుల మధ్య ఆకు మొన ఒకటి రెండు చోట్ల చుట్టలా పైకొస్తోంది. ఆ వంగిన పువ్వు దగ్గర మేడమ్ గారు చాలాసేపు ఆగింది. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను. "స్థానిక నామం లేదు, అని రాయి" అంది. పాతది కొట్టేసి రాశాను. అలా రాస్తున్నప్పుడు ఏదో పోయినట్టు కొంచెం అనిపించింది. బాధ అనలేను. అరచేతిలోంచి గింజ జారిపోతే తెలుస్తుంది చూడండి, అంత.

మర్నాడు ఆవిడ రాయగడ బస్సెక్కి వెళ్లిపోయింది. ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చదువుకో. మెట్రిక్ కట్టు" అంది. కొన్నాళ్లకి ఉత్తరం రాసింది. జాబితా పూర్తయిందనీ, మూడు పూల సంగతి ఇంకా తేలలేదనీ. జవాబు రాశాను, రెండు వాక్యాలు.

వానలు పడ్డాయి. పల్లెలకి దారులు బురదైపోయాయి. నూతుల్లో మందు వేయించడం, కూరగింజలు పంచడం, జ్వరాల లెక్క రాయడం, ఇదే పని. మామ్మ ఉన్న ఊరు కూడా నా వంతులో వచ్చింది. వెళ్లినప్పుడల్లా రాగి అంబలి పోసేది. నా వెనక నడుస్తూ కాళ్లు చూసేది. గడ్డిమెట్ట మీదికి నేను మళ్లీ వెళ్లలేదు. వెళ్లే పని పడలేదు.

ఆశ్వయుజంలో మా అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మారుమనువు సంబంధం ఒకటి ఉందనీ, మాలో అది తప్పు కాదనీ, ఆలోచించమనీ. ఆ ఉత్తరం చదివి మడిచి పెట్టెలో పెట్టాను. ఆ నెలాఖరున రిపోర్టు ఇవ్వడానికి రాయగడ వెళ్లాలి. పొద్దున బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్లో కాళ్లు కట్టేసిన కోడిపెట్ట. మనిషి మాట తీరు చూస్తే పార్వతీపురం వైపు.

ఘాటీ కొండదారి దిగుతుండగా ఏమీ జరగలేదు. బస్సు కుదుపుతోంది. ఎవరో వెనక దగ్గుతున్నారు. నేను పైలు ఒళ్లో పెట్టుకుని కొండల వైపు చూస్తున్నాను. కళ్లల్లోంచి నీళ్లు కారి పైలు మీద పడితే అప్పుడు తెలిసింది ఏడుస్తున్నానని. ఆపుదామని చూశాను. ఆగలేదు. కాసేపటికి చప్పుడు కూడా వచ్చింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

"ఏటయ్యిందమ్మి?" అంది పెద్దావిడ.

"మా ఆయన పోయేరు."

"అయ్యో తల్లీ. ఎప్పుడు?"

"రెండేళ్లు కావొస్తంది."

ఆవిడ అదేం వింత అనుకోలేదు. కోడిని ఒళ్లోంచి తీసి అవతలి పక్కన పెట్టుకుంది. నాకు చోటిచ్చి, "ఏడు, ఏడు. రాయగడ ఇంకా సానా దూరముంది" అంది.